వైఫై తాళం మార్చడానికి నాకు రెండున్నర నెలలు పట్టింది

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపానుకి మా దొడ్లో రెండు కొబ్బరిచెట్లు పడ్డాయి. ఒకటి పశువులపాక మీద, రెండోది నెట్ తీగ మీద. పాక మర్నాటికే నిలబెట్టుకున్నాం. నెట్ రావడానికి ఆరు రోజులు పట్టింది. వచ్చాక ఇంకా పెద్ద తలనొప్పి మొదలైంది. మీలో ఎవరైనా ఇంట్లో యాక్సెస్ పాయింటు, అంటే తీగలో వచ్చిన నెట్‌ని గాల్లో వైఫైగా పంచే పరికరం, పెట్టుకోవాలనుకుంటే ముందు ఇది చదవండి. కొట్టువాడు చెప్పడు, డబ్బాలో వచ్చే చిన్న పుస్తకమూ చెప్పదు.

మాది రాజోలు దగ్గర కాలవగట్టు ఊరు. మావారు కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, పదో తరగతి చదివే మా అబ్బాయి. మేడమీద వాటాలో బ్యాంకులో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు. నేను రెండు రొయ్యల మేత కొట్లకి ఇంటి దగ్గరే కూర్చుని లెక్కలు రాస్తాను. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు అన్నీ నా కంప్యూటర్లోనే. అంటే పరాయివాళ్ళ డబ్బు లెక్కలు మా ఇంట్లో ఉంటాయి.

నవంబరు 3 సాయంత్రం లైనబ్బాయి వచ్చాడు. నీళ్ళు దిగి చచ్చిపోయిన పాత నెట్ డబ్బా ఊడదీసి కొత్తది వీధిగదిలో గోడకి కొట్టాడు. "పాస్‌వర్డు పాతదే పెట్టేశానండి, మీరు మళ్ళీ ఫోన్లన్నిట్లో కొట్టుకోనక్కర్లేదు, ఆయ్" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. పాతదంటే మావారి సెల్ నంబరు. ఆ నంబరు మా వీధిగోడ మీద 'మేడమీద వాటా అద్దెకు ఇవ్వబడును' అన్న మాట కింద జానెడేసి అంకెల్లో రాసి ఉంది. వాటా నిండి రెండేళ్ళయినా చెరపలేదు.

వారం తిరక్కుండా రాత్రిళ్ళు నెట్ నత్తనడకయింది. మావారు రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తారు, అక్కడ ఏడు అవుతుంది. ఆయన మొహం తెర మీద అలా నోరు తెరుచుకుని బిగుసుకుపోయేది. తుపాను దెబ్బకి ఎక్కడో లైను పాడై ఉంటుందని సర్దుకున్నాం.

నవంబరు 12 పొద్దున్న లేచి చూస్తే ప్రింటరు ట్రేలో నాలుగు కాయితాలు. నీటి చక్రం బొమ్మ, రంగుల్లో. సముద్రం, మేఘం, కొండ, వాన, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో నాలుగు ముక్కలు. మావాడిని లేపి "ఇదేంట్రా" అంటే "నాది కాదమ్మా, ఇది ఆరో తరగతి పాఠం" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.

మొదట రంగు ఇంకు పోయిందే అని చిరాకేసింది. కాఫీ కలుపుతుండగా వెన్నులో చలి పుట్టింది. ఎవరి ఫోనులోనో ప్రింటు నొక్కితే అది గోడలు దాటి నా ప్రింటర్లోకి వచ్చిందంటే, ఆ ఫోనుకి నా ప్రింటరు కనబడుతోంది. ప్రింటరు కనబడితే నా కంప్యూటరు కనబడదా? పైగా ట్యాలీ ఫోల్డరు తాళం లేకుండా షేరు చేసి ఉంచాను. కొట్టు ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చినప్పుడు తేలిగ్గా ఉంటుందని నేనే చేశాను. కాఫీ పొంగిపోయింది.

ఆ రాత్రి హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఇలాంటి పనిలోనే ఉన్నాడు. "అక్కా, బ్రౌజర్లో 192.168.1.1 అని కొట్టు. డబ్బా వెనక స్టిక్కరు మీద పేరూ పాస్‌వర్డూ ఉంటాయి, చూడు" అన్నాడు. రెండూ 'అడ్మిన్' అనే ఉన్నాయి. పేజీ తెరుచుకుంది. కలిసి ఉన్న పరికరాలెన్నో చూడమన్నాడు. ఇరవై ఏడు. మావి ఆరు, మేడమీద కుర్రాళ్ళవి నాలుగు. మిగిలిన పదిహేడు ఎవరివి? అందులో ఒకటి టీవీ. నెట్‌కి కలిసే టీవీ మా ఇంట్లో లేనే లేదు.

మా తమ్ముడు నవ్వలేదు. అందుకే ఇంకా భయమేసింది. మన లైను మీద ఎవడైనా వెధవపని చేస్తే పోలీసులు మొదట వచ్చి తలుపు కొట్టేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ళదేనని చెప్పాడు. కనెక్షన్ మా అత్తయ్యగారి పేరున ఉంది.

అప్పటికప్పుడు మూడు పనులు చేయించాడు. డబ్బా పేజీకి ఉన్న 'అడ్మిన్' మార్పించాడు. ఇది వైఫై పాస్‌వర్డు కాదు, వేరే. ఇన్నేళ్ళూ నేను రెండూ ఒకటే అనుకున్నాను. తర్వాత వైఫై పాస్‌వర్డు మార్చాం. మూడోది డబ్ల్యూపీఎస్ అనే మీట ఆపేయడం. పాస్‌వర్డు లేకుండా ఎనిమిదంకెల పిన్నుతో కలిపే సదుపాయమది. ఎనిమిదంకెలంటే కోట్ల లెక్క కదా అన్నాను. అది ఆ పిన్నుని రెండు ముక్కలుగా సరిచూస్తుందట, చివరి అంకె మిగతావాటినుంచి లెక్కగట్టిందేనట, అంచేత పదకొండు వేల ప్రయత్నాల్లో తాళం ఊడుతుందని 2011లోనే బయటపడిందట. అయినా మా కొత్త డబ్బాలో అది తెరిచే ఉంది. ఫోల్డరు షేరింగు కూడా తీసేసి పడుకునేసరికి ఒంటిగంట.

పాస్‌వర్డు ఏం పెట్టాలన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. అత్తయ్యగారు శతక పద్యంలో మొదటి పాదం పెట్టమన్నారు. ఆ పాదం రాని పిల్ల మా ఊళ్ళో లేదు. ఎనిమిది అక్షరాల నుంచి అరవై మూడు దాకా పెట్టుకోవచ్చట. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాయమన్నాడు తమ్ముడు. గరిటె, రేవు, ఆదివారం, తేగ లాగన్నమాట. మాది ఇది కాదు లెండి.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఊరు కదిలింది. ఎదురింటి వదిన గిన్నె పట్టుకుని పెరుగు తోడుకని వచ్చి, మాటల మధ్యలో "మీకూ నెట్ పోయిందా వదినా, రాత్రినుంచి మా టీవీ ఆడట్లేదు" అంది. టీవీ ఎవరిదో తెలిసింది. తప్పని ఆవిడకి తోచలేదు. రెండేళ్ళ కిందట మా అబ్బాయే ఇచ్చాడట, అప్పటినుంచీ వాడుకుంటున్నారు. సాయంత్రానికి అరుగు మీద కూర్చునే పిల్లలు నలుగురూ మొహాలు వేలాడేసుకుని కాలవగట్టుకి పోయారు. కొబ్బరి దింపులకి వచ్చే అబ్బాయి "పాస్‌వర్డు మార్చారాండి?" అని సూటిగానే అడిగేశాడు.

అందరికంటే ఎక్కువ బాధపడింది అత్తయ్యగారు. "ఈ అరుగు మీద కూర్చున్నవాళ్ళకి మజ్జిగ పొయ్యని రోజు లేదే అమ్మా. గాల్లో పోయేదానికి తాళం ఏవిటి?" అన్నారు. ట్యాలీ ఫోల్డరు సంగతి చెప్పాను. "లోపలికి ఎవర్ని రమ్మన్నాను? అరుగు మీద కూర్చోనివ్వమంటున్నాను" అన్నారు. ఇదే మాట తమ్ముడికి చెప్తే ఫోన్లో ఎగిరి గంతేశాడు. "అక్కా, అత్తగారు అడిగేది గెస్ట్ నెట్‌వర్కే!" అంటే వచ్చినవాళ్ళకి నెట్ అందుతుంది గానీ మన ఇంట్లో పరికరాలు కనబడని విడి వైఫై.

అలా మొదలైంది రెండో అంకం. అరుగుకి ఒక పేరు, ఇంటికి ఒక పేరు కావాలి. ఎలాగూ వెనకగదిలో సిగ్నలు లేదు. పాత మండువా ఇల్లు, రెండడుగుల మందం గోడలు. పనిలో పనిగా అదీ తీరుతుందన్నాడు. డబ్బు ఎందుకు దండగ, నా పాత రూటరుంది పంపిస్తానన్నాడు. నవంబరు 19న బస్సు పార్శిల్లో రాజోలు వచ్చింది. నూట యాభై పుచ్చుకున్నారు.

దాన్ని తీగతో డబ్బాకి కలిపి ఆన్ చేశాను. సిగ్నలు నిండుగా ఉంది. గంటలో ఇల్లంతా అల్లకల్లోలం. మావాడి ట్యాబుకి నెట్ వస్తుంది, నా ఫోనుకి రాదు. ప్రింటరు ఉంటుంది, కంప్యూటరుకి కనబడదు. ఆపి వెలిగిస్తే అటుది ఇటు అవుతుంది. రెండు రోజులు ఇదే వరస. విషయమేమిటంటే, ఇంట్లో ఉన్న ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇచ్చే పని డబ్బా చేస్తుంది. పాత రూటరూ అదే పనికి కూర్చుంది. ఊరికి ఇద్దరు కరణాలుండి ఒకే చేనుకి ఇద్దరూ రెండు పట్టాలు రాసినట్టు. డబ్బా 192.168.1తో మొదలయ్యే నంబర్లు, రూటరు 192.168.0తో మొదలయ్యేవి పంచుతున్నాయి. ఏది ముందు పలికితే దాని నంబరు తగులుకుంటుంది. రూటర్లో ఈ నంబర్లు పంచే పనిని, డీహెచ్‌సీపీ అంటారు, ఆపేసి, దానికి 192.168.1.2 అని డబ్బా వరసలోదే ఒక నంబరిచ్చాక అల్లరి అణిగింది. ముందే చెప్పొచ్చుగా అంటే "మర్చిపోయానక్కా" అన్నాడు.

అందులో గెస్ట్ అన్న మీట ఉంది. నొక్కాను, 'అరుగు' అని పేరు పెట్టాను, పని అయిపోయిందనుకున్నాను. దయచేసి ఇక్కడ ఆగకండి. తమ్ముడు "పరీక్షించావా?" అన్నాడు. అత్తయ్యగారి ఫోను అరుగుకి కలిపి, బ్రౌజర్లో ప్రింటరు నంబరు కొట్టాను. ప్రింటరు పేజీ చక్కగా తెరుచుకుంది! గెస్టన్న పేరే తప్ప గోడ లేదు. ఇలాంటి ఇంటి రూటర్లు చాలావాటిలో గెస్ట్‌ని విడిగా ఉంచే పని అది అసలు రూటరుగా ఉన్నప్పుడే జరుగుతుందట. యాక్సెస్ పాయింటుగా మార్చేస్తే అందరూ ఒకే హాల్లోకి వచ్చి పడతారు. పైగా దానికి కంపెనీ ఇచ్చిన చివరి అప్‌డేటు 2016ది. 2017లో డబ్ల్యూపీఏ2 అనే వైఫై తాళం పద్ధతిలో క్రాక్ అనే లొసుగు బయటపడింది, దానికి తర్వాత వేసిన అతుకు దీనికి లేనే లేదు. రూటరు అటకెక్కింది.

నవంబరు 26న గుండ్రంగా పళ్ళెంలా ఉండే, సీలింగుకి బిగించే యాక్సెస్ పాయింటు ఆన్‌లైన్లో ఆర్డరిచ్చాను. 5,400. డిసెంబరు 1న వచ్చింది. అట్టపెట్టె విప్పితే పళ్ళెం, నాలుగు మేకులు, కాయితం. కరెంటు ప్లగ్గే లేదు. నాకు ఏడుపొచ్చింది, మోసపోయాననుకున్నాను. దానికి కరెంటు కూడా నెట్ తీగలోంచే వెళ్తుందట, అందుకు ఇంజెక్టరు అనే ముక్క విడిగా కొనుక్కోవాలట. అమ్మకం పేజీలో ఎక్కడో అడుగున రాసే ఉంది. 4వ తేదీ అమలాపురం వెళ్ళి ఒక కొట్లో అడిగితే "అన్నిటికీ ఇదేనండి" అని 350 రూపాయలది ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే దీపం వెలగలేదు. అది 24 వోల్టులది, నాకు కావలసింది 48 వోల్టుల రకం. వెనక్కి తీసుకోనన్నాడు. కొట్టు కొట్టూ తిరిగితే 6వ తేదీన ఇంకో కొట్లో సరైనది 850కి దొరికింది. కొనేముందు పళ్ళెం వెనక రాసిన వోల్టులు ఫోటో తీసుకుని వెళ్ళండి.

తీగ విషయంలో మాత్రం మోసపోలేదు. మీటరు పద్నాలుగు రూపాయలకీ దొరుకుతుంది, ముప్ఫై నాలుగుకీ దొరుకుతుంది. చవకది లోపల అల్యూమినియం, పైన రాగి పూత. కరెంటు కూడా మోసే తీగ కాబట్టి నిఖార్సయిన రాగిదే తీసుకోమన్నాడు తమ్ముడు. బయట ఎండకీ వానకీ ఉండే నల్లతొడుగు క్యాట్6, 45 మీటర్లు. ఇలాంటి తీగ వంద మీటర్లు దాటకూడదట, మాకు ఆ బెంగ లేదు. 7వ తేదీ ఎలక్ట్రీషియను గారు వచ్చి నడవ సీలింగుకి పళ్ళెం బిగించారు. నడవైతే ఇటు అరుగుకీ అటు వెనకగదికీ అందుతుంది. ఇంజెక్టరూ, డబ్బా రెండూ ఇన్వర్టరు ప్లగ్గుకే పెట్టించాను. మా ఊళ్ళో కరెంటు పోయినప్పుడే అందరికీ నెట్ గుర్తొస్తుంది.

మొత్తం ఖర్చు: పళ్ళెం 5,400, ఇంజెక్టర్లు రెండూ కలిపి 1,200, తీగ 1,530, పైపులూ క్లిప్పులూ 420, జాకులు 120, కూలి 700. తొమ్మిది వేల మూడు వందల డెబ్భై. మావారికి ఏడువేలని చెప్పాను. ఇది చదివితే తెలిసిపోతుంది.

పేర్లు పెట్టే ఘట్టం మావాడు తీసుకున్నాడు. తెలుగు అక్షరాల్లోనే పెడతానన్నాడు. 'మన కొబ్బరితోట' అని కొడితే తీసుకోలేదు. 'కొబ్బరితోట' అంటే తీసుకుంది. వైఫై పేరుకి 32 బైట్లే చోటు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు తింటే తెలుగుది మూడు తింటుంది, గుడీ కొమ్మూ వత్తూ అన్నీ విడివిడిగా లెక్క. 'కొబ్బరితోట'కి ముప్ఫై పట్టింది. ఫోన్లలో ముచ్చటగా కనబడింది. ప్రింటరు తెర మీద మాత్రం వరసగా డబ్బాలు డబ్బాలుగా వచ్చింది.

ప్రింటరు గొడవ అంతటితో పోలేదు. తాళం రకాల్లో కొత్తదీ గట్టిదీ డబ్ల్యూపీఏ3 అని ఉంటే అదే పెట్టాను. మా ఫోన్లన్నీ కలిశాయి. ప్రింటరు, పాకలో కెమెరా కలవలేదు. అవి పాతవి, వాటికి డబ్ల్యూపీఏ2 భాషే వచ్చు. రెండూ కలిపిన రకం పెట్టి చూశాం. ప్రింటరు కలిసింది, కెమెరా కలిసి విడిపోతుంది, కలిసి విడిపోతుంది, అలిగిన కోడలిలా. చివరికి వాటికోసం మూడో పేరు పెట్టాల్సి వచ్చింది: డబ్ల్యూపీఏ2 తాళం, ఏఈఎస్ అనే గుప్తలిపి, వైఫై నడిచే రేడియో బాటల్లో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, పాస్‌వర్డు వేరు. కెమెరాకి 5 గిగాహెర్ట్జ్ తెలీదు. మేడమీద కుర్రాళ్ళకి నాలుగో పేరు, గెస్ట్ పద్ధతిలోనే కానీ వేగం కట్టడి లేకుండా. ఇంతకుమించి పేర్లు పెంచొద్దు, ప్రతి పేరూ గాల్లో 'నేనిక్కడున్నా' అని సెకనుకి పదిసార్లు అరుస్తూ చోటు తింటుందన్నాడు తమ్ముడు. ఇంటి పేరు కనబడకుండా దాచేద్దామని నాకు ఆశ. దాచినా తెలిసినవాడికి తెలుస్తుంది, మన ఫోన్లకే తిప్పలన్నాడు.

ఒక్కో బాటలో వరసల్లాంటి చానెళ్ళుంటాయి, వాటి దగ్గర ఒక కంగారు. 2.4లో 1, 6, 11 అయితే ఒకదాని మీదొకటి పడవు. ఫోన్లో యాప్ పెట్టి చూస్తే చుట్టుపక్కల అందరూ 6లో ఉన్నారు, నేను 11కి పోయాను. 5లో 100 పెడితే పేరే మాయమైంది. పది సెకన్లు, ఇరవై, ముప్ఫై. పాడుచేశాననుకుని ప్లగ్గు పీకేశాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ మాయం. మూడోసారి చేతులు వణుకుతుంటే తమ్ముడికి ఫోన్ చేస్తే "ఒక్క నిమిషం ఊరుకో అక్కా" అన్నాడు. నిజంగా ఒక్క నిమిషమే. ఆ చానెళ్ళలో రాడార్లు పనిచేస్తాయట, ఏదైనా ఉందేమోనని అది నిమిషంపాటు చెవొగ్గి విని, లేదని తేలాకే నోరు విప్పుతుంది.

ఇంకోటి. పవరు 'ఎక్కువ' మీద పెడితే పాక దాకా గీతలు నిండుగా వచ్చాయి, కానీ మాట్లాడుతుంటే తెగిపోయేది. అవతలి రేవులో మైకు పెట్టి పిలిస్తే మనకి వినబడుతుంది. మనం నోటితో ఓయ్ అంటే వాళ్ళకి వినబడుతుందా? ఫోనుది నోటి అరుపు. పవరు 'మధ్యస్థం'కి దించాక గీతలు తగ్గాయి, కానీ గీతలున్నంత మేరా మాట నిలుస్తోంది. అయినా మంచు బాగా కురిసిన తెల్లవారుజామున, మట్టలు తడిసి వేలాడుతున్నప్పుడు, పాక కెమెరా ఇప్పటికీ కాసేపు పోతుంది. నీళ్ళు సిగ్నల్ని తాగేస్తాయి. అది కోనసీమలో ఉన్నందుకు కట్టే పన్ను.

అరుగుకి గోడ ఉందో లేదో ఈసారి ముందే పరీక్షించాను. అత్తయ్యగారి ఫోన్లో ప్రింటరు నంబరు కొట్టాను. తిరిగి తిరిగి, తెరవలేనంది. కంప్యూటరు నంబరు, రాలేదు. డబ్బా పేజీ, రాలేదు. బయటి నెట్ మాత్రం వస్తోంది. మనిషికి 5 ఎంబీపీఎస్ కట్టడి, రాత్రి పదికి దానంతటదే ఆగి పొద్దున్న ఆరుకి తెరుచుకునేలా పెట్టాను. డబ్బా సొంత వైఫై పూర్తిగా ఆపేశాను. పాస్‌వర్డు చీటీ రాసి అరుగు స్తంభానికి అంటించింది అత్తయ్యగారే. ఆవిడ మొహంలో వెలుగు చూసి తొమ్మిదివేలూ మర్చిపోయాను.

మూడు రోజులు హాయిగా గడిచాయి. డిసెంబరు 10 రాత్రి, తెల్లారితే జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్నుకి ఆఖరు తేదీ, రెండు కొట్లవీ నేనే వెయ్యాలి. తొమ్మిదింటికి నెట్ పోయి పావుగంటకి వచ్చింది. వచ్చాక ఫోన్లో చూస్తే డబ్బా స్టిక్కరు మీదున్న పాత పేరు గాల్లో తేలుతోంది. నెట్ ఇచ్చేవాళ్ళు దూరంనుంచే డబ్బాకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించారట, దాంతో నేను మార్చినవన్నీ పోయి పుట్టినప్పటి స్థితికి వచ్చేసింది. డబ్ల్యూపీఎస్ తెరిచి ఉంది, 'అడ్మిన్' తిరిగొచ్చింది. ఫోన్ చేస్తే "అలా అవ్వదండి" అన్నారు. అయింది కదా అంటే కంప్లైంటు నంబరు ఇచ్చారు. రాత్రి పదకొండుకి అన్నీ మళ్ళీ చేసి, రెండు గంటలకి రిటర్నులు వేశాను. అప్పటినుంచి నెట్ పోయి వచ్చినప్పుడల్లా ఫోన్లో పేర్లు చూసుకోవడం అలవాటైంది, గ్యాసు కట్టానా లేదా అని చూసుకున్నట్టు.

డిసెంబరు 20న ఇంటి పేరు మీద, అరుగు మీద కాదు, తెలియని ఫోను కనబడింది. నాలుగు మాటల పాస్‌వర్డు ఎవడు కనిపెట్టాడు? ఎవడూ కనిపెట్టలేదు. మావాడి ఫోన్లో వైఫై పేరు నొక్కితే గళ్ళగళ్ళ క్యూఆర్ వస్తుంది, స్నేహితుడు దాన్ని ఫోటో తీసుకున్నాడు, అంతే. "పాస్‌వర్డు నేను చెప్పలేదమ్మా, ఒట్టు" అన్నాడు. నిజమే, చెప్పలేదు. రెండు రోజులు మాట్లాడలేదు నేను. మళ్ళీ మార్చాను, ఈసారి వాడి ఫోన్ని అరుగు మీదకి తోసేశాను. పరీక్షలయ్యాక లోపలికి రానిస్తాను.

సంక్రాంతికి ఆడపడుచులు ఇద్దరూ, అల్లుళ్ళూ, పిల్లలూ దిగారు. కనుమనాడు అందరూ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయేదాకా ఇల్లు కిటకిట. చెప్పులు విప్పకుండానే పాస్‌వర్డు అడిగే చిన్నల్లుడికి అత్తయ్యగారు స్తంభం చూపించారు. ఒక సాయంత్రం అరుగు పేరు మీద ఇరవై మూడు ఫోన్లు లెక్కపెట్టాను. లోపల నా బ్యాకప్ దాని మానాన అది పోతూనే ఉంది. మావారి మొహం బిగుసుకుపోకుండా అరగంట మాట్లాడారు, సున్నుండలు చూపించి ఏడిపించాం.

పండగ వెళ్ళిన వారానికి ఎదురింటి వదిన చిన్నకూతురు గుమ్మం దగ్గర నిలబడి కాళ్ళు మెలికలు తిప్పుతోంది. ఏంటమ్మా అంటే, "అత్తా, అప్పుడెప్పుడో నేను ఫోన్లో ప్రింటు నొక్కితే ఎక్కడికి పోయిందో తెలీలేదు. నీటి చక్రం. మీ ఇంట్లో గానీ వచ్చిందా?" అంది. వచ్చిందే తల్లీ అన్నాను. వెతికితే దేవుడి గూట్లో దొరికాయి. నాలుగు కాయితాల వెనకా అత్తయ్యగారు నవంబరు, డిసెంబరు పాల లెక్క రాసేశారు. ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్లోది నాకు పంపించమని, మళ్ళీ ప్రింటు తీసిచ్చాను. రంగుల్లోనే.